తెల్లపూసల దగ్గర ఆగిన అల్లిక

ఆదోని బజారులో మాది చిన్న ఫ్యాన్సీ షాపు. జాకెట్లకు మగ్గం పని చేసేవాళ్లు, చీరలకు లేసు కుట్టుకునేవాళ్లు, పిల్లల జడలకు రిబ్బన్లు కొనేవాళ్లు వస్తుంటారు. మనిషి మెట్టెక్కుతుండగానే ఏం అడగబోతుందో చాలావరకు ఊహించగలను. ముత్తమ్మను మొదటిసారి చూసినప్పుడు మాత్రం ఊహించలేకపోయాను.

సాయంత్రం మిల్లు నుంచి నేరుగా వచ్చినట్టుంది. తలలోనూ కనురెప్పల మీదా దూది నూగు. నలభై దాటిన మనిషి. కొంగు ముడి విప్పి, అరచేతి పొడవున్న పూసల పట్టీ ఒకటి తీసి గాజు పలక మీద పెట్టింది. వేలెడు వెడల్పు ఉంది. పూసలు ఆవగింజంతేసి. ఎర్రటి పూసల మధ్య పసుప్పచ్చ మెట్లు ఎక్కుతూ దిగుతూ పోతున్నాయి.

"అక్కా, ఇట్లాటి పూసలుండాయా నీ కాడ?"

"ఉండాయి. షుగర్ బీడ్స్ అంటారు. ఏ రంగు కావల్ల?"

"రంగు తర్వాత సెప్తా. దీన్ని ఎట్ల అల్లినారో నీకు తెలుసునా?"

పట్టీని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. ఇన్నేళ్లుగా పూసలు అమ్ముతున్నాను. గుడ్డ మీద పూస కుట్టడం నాకు తెలుసు, దారానికి వరసగా గుచ్చడం తెలుసు. దీనికి కింద గుడ్డ లేదు. ముడులు కూడా కనిపించలేదు. గోడలో ఇటుకల్లాగా ఒక వరుసలో రెండు పూసలు కలిసే చోట పై వరుస పూస కూర్చుంది. ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉన్నాయి, అంతే. తెలియదని చెప్పాను.

"నీకూ తెల్దా?" అంది. నిరాశపడినట్టు లేదు. పైగా సంతోషపడినట్టే అనిపించింది.

పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లులో ముత్తమ్మది ఏరుడు పని. మార్కెట్ యార్డు నుంచి వచ్చిన పత్తి కుప్ప ముందు ఆడవాళ్లు వరసగా కూర్చుని ఎండాకులు, కాయ డొప్పలు, గోనెపీచు, వెంట్రుకలు ఏరేస్తారు. ఆ కుప్పలోనే ఈ పట్టీ దొరికింది. పక్కనున్న ఆడవాళ్లు తెగిన దండ ముక్క అనుకుని వదిలేశారట. ముత్తమ్మ అనుకోలేదు.

"ఇది తెగింది కాదక్కా. సూడు, ఈ కొసన దారం జానెడు యాలాడతాంది. తెగితే పూసలు రాలిపోవల్ల గదా? ఒగటీ రాల్లేదు. ఇది ఎవరో అల్లతా అల్లతా ఉండంగా పోయింది." ఇంకో సంగతి కూడా చూపించింది. దారం వేలాడుతున్న వైపు, చివరి వరుసలో, అంతవరకూ ఎక్కడా లేని తెల్లపూసలు మూడు ఉన్నాయి. "ఈడ ఏదో కొత్తది మొదలుపెట్టింది. పువ్వో, పిట్టో. ఏమై ఉంటాదంటావు?"

నాకు నవ్వొచ్చింది. కానీ ఆమె వెళ్లిపోయాక, షట్టరు దించుతూ నేనూ ఆ మూడు తెల్లపూసల గురించే ఆలోచిస్తున్నాను.

ఆ తర్వాత ఆమె తరచూ వచ్చేది. వచ్చిన ప్రతిసారీ కాస్త కాస్తగా తన సంగతులు చెప్పింది. పుట్టింది కోసిగి దగ్గర పల్లెలో. పంటలు కోతకొచ్చే కాలానికి అమ్మానాన్నలు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోయేవాళ్లు, పిల్లను వెంటబెట్టుకుని. బడి అక్కడికక్కడే ఆగిపోయేది. బడి ఆగినా ప్రశ్నలు మాత్రం ఆగలేదు. ఏ వస్తువు కనబడినా అది ఎలా నిలబడిందో తెలుసుకోవాలి, అందుకు దాన్ని విప్పాలి. వాళ్ల నాన్న టార్చిలైటు విప్పింది. ఈతచాప అంచు విప్పింది. ఒకసారి పెద్దవాళ్లు కూలికి పోయినప్పుడు నులక మంచం మొత్తం విప్పేసి, పొద్దు వాలేలోపు మళ్లీ అల్లింది. అల్లిక వాలుగా వచ్చింది. ఆ మంచం మీద పడుకున్న వాళ్ల నాన్న తెల్లవారేసరికి ఒక పక్కకు జారి గోడకు ఆనుకుని ఉన్నాడట.

"కొట్టినాడా?" అని అడిగాను.

"కొట్లేదు. 'ఈసారి నా సద్దిమూట ఇప్పొద్దు తల్లీ' అన్న్యాడు."

మరి అలాంటి మనిషి ఈ పట్టీని ఎందుకు విప్పలేదు? అదే అడిగాను ఒకరోజు. కొస దారం లాగితే ఒక్కొక్క పూసా బయటికొస్తుంది, ఎలా పోయిందో తెలిసిపోతుంది కదా.

ముత్తమ్మ కొస దారాన్ని పట్టీ కిందికి మడిచి పెట్టింది. "నాదైతే ఎప్పుడో ఇప్పుదును. ఇది ఇంగొకామె పని. ఆమె కండ్లు గుంజుకోని అల్లింటాది. నేను ఇప్పితే, నాకు తెలుస్తాది, ఆమెకు పోతాది."

అందుకని విప్పకుండానే, చూస్తూ చూస్తూ తెలుసుకోవాలనుకుంది. నా దగ్గర సన్న సూదులు, నైలాన్ దారం, ఎరుపూ పసుపూ పూసలూ తీసుకుంది. మొదటిసారి అల్లిందంతా ఉండలాగా చుట్టుకుపోయింది. రెండోసారి అల్లినది వల మాదిరి సాగింది. ఒకసారి పట్టీ బాగానే వచ్చిందని పరుగెత్తుకొచ్చింది గానీ, రెండింటినీ పక్కపక్కన పెట్టగానే ముఖం చిట్లించింది.

"సూడక్కా. దీంట్లో పూసలన్నీ అడ్డంగా పండుకోనుండాయి. నా దాంట్లో నిలబడినాయి."

నిజమే. ఎరుపూ పసుపూ అదే వరసలో ఉన్నా, దొరికిన పట్టీలో పూసల రంధ్రాలు పట్టీ పక్కలకు చూస్తున్నాయి. ఆమె దాంట్లో పొడుగు వైపు చూస్తున్నాయి. ఇంత చిన్న తేడా నాకు ఎవరూ చూపించకపోతే జన్మలో కనిపించేది కాదు. ఆ రోజు నేనూ గాజు పలక మీద మోచేతులు ఆనించి చాలాసేపు చూశాను. ఒక కస్టమరు వచ్చి లేసు అడిగి, విసుక్కుని వెళ్లిపోయింది కూడా.

ముత్తమ్మ భర్త ఏసన్న బేల్దారి పనికి పోతాడు. ఒకరోజు సిమెంటు చేతులతోనే షాపు మెట్ల కింద నిలబడ్డాడు. "శోభమ్మా, మా ఇంట్లో అన్నంలో పూసలొస్తాండాయి. పూసలు అయిపోయినాయని నువ్వైనా ఒగ అబద్ధం సెప్పమ్మా." మళ్లీ తనే గొంతు తగ్గించి, "అయినా, ఆ తెల్లపూసలు శిలువై ఉంటాదని నేను సెప్తి. ఇనదు," అన్నాడు. ఆ ఇంట్లో ఆ మూడు పూసల మీద ఎంత చర్చ నడిచిందో అప్పుడు అర్థమైంది.

చివరికి ముత్తమ్మకు దారి దొరికింది కూడా ఏసన్న మాటలోనే. గోడ కడుతున్నప్పుడు ఇటుకలు ఒక మూల నుంచి పైకి పేర్చుకుంటూ పోరని, ముందు పొడుగునా ఒక వరుస పరుస్తారని అతను ఏదో సందర్భంలో అన్నాడట. ఈమె మరుసటి రోజు పట్టీ ఎంత పొడవు కావాలో అంత పొడవునా పూసలను పక్కపక్కన నిలబెట్టి ఒక వరుస అల్లింది. తర్వాత వెడల్పు పెంచుకుంటూ పోయింది. అడ్డంగా తిప్పి చూస్తే, పూసలన్నీ పడుకునే ఉన్నాయి. దొరికిన పట్టీకీ దీనికీ నాకు తేడా కనిపించలేదు.

"తెలిసిపాయె గదా, ఇంగేమి?" అన్నాను.

"ఎట్లో తెలిసింది. ఎవరో తెల్దు గదా. ఆ తెల్లవి ఏమో తెల్దు గదా."

మిల్లులో ఎర్రిస్వామి అని ఒక హమాలీ ఉన్నాడు. ఏ బండి ఎప్పుడు దించాడో అతనికి బాగా గుర్తుంటుంది. ఆ కుప్ప ఆస్పరి దగ్గరి రైతు కాశప్పదని చెప్పాడు. అక్కడ పత్తి ఒక్కసారే తీయరు, కాయలు విచ్చిన కొద్దీ మళ్లీ మళ్లీ తీస్తారు. కాబట్టి కాశప్ప మళ్లీ రావాలి. ముత్తమ్మ ఎదురుచూసింది. వచ్చిన రోజు బండి ముందుకు పోయి నిలబడి, అరచేతిలో పట్టీ చూపించింది.

కాశప్ప పకపకా నవ్వాడట. "ఏమ్మా, నా సేన్లో పత్తితో పాటు పూసలూ పండినాయా?" తర్వాత నవ్వు ఆపి పట్టీని వెలుతురుకు పట్టుకుని చూశాడు. "మా సేనికి తిమ్మమ్మని ఒగామె వస్తాది పత్తి తీయను. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తాంటే ఆమె ఏదో పెట్టుకోని కూసుంటాది. అడిగి సూస్తాలే."

ఆ వారంలోనే ఎర్రిస్వామికి ఫోను చేశాడు. పట్టీ తిమ్మమ్మదే. ఒడిలో పెట్టుకుని పత్తి తీస్తూ, ఆ పత్తితో పాటే బోరెం సంచిలో పోసేసింది. చేనంతా వెతికి వెతికి వదిలేసిందట.

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక ముత్తమ్మ బయల్దేరుతుంటే, "నేనూ వస్తా," అన్నాను. ఎందుకని ఆమె అడగలేదు. ఆస్పరి బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారి పొడుగునా ఏరిన చేలనూ ఏరని చేలనూ చూస్తూ, ఉన్నట్టుండి అంది: "దొంగ అనుకుంటాదేమో అక్కా. ఇన్నాళ్లు పెట్టుకుంటి గదా."

తిమ్మమ్మ ఇల్లు ఊరి చివర. నాపరాళ్ల అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. యాభై పైబడిన మనిషి, బక్కపలచగా ఉంది. కాశప్ప చెప్పే ఉంచాడు గనక మేమెవరో చెప్పాల్సిన పని పడలేదు. ముత్తమ్మ తడబడుతూ కొంగు విప్పి పట్టీ అందించింది. తిమ్మమ్మ చేయి తుడుచుకుని తీసుకుంది. వేళ్ల మధ్య నొక్కింది. ఒకసారి మడిచి చూసింది. ముఖంలో నవ్వు లేదు.

"ఇది నాది కాదు."

ముత్తమ్మ ముఖం పాలిపోయింది.

"నా దాని మాదిరే ఉండాది. అవే మెట్లు, అవే పూసలు. నాది కాదు. నాది మెత్తగా ఉంటాది. ఇది రవంత బిర్రుగా ఉండాది."

అప్పుడు చూశాను. కంగారులో ముత్తమ్మ తను అల్లినదాన్ని ఇచ్చింది. రెండో పట్టీ ఇంకా కొంగులోనే ఉంది. దాన్ని తీసి ఇవ్వగానే తిమ్మమ్మ రెండు చేతులా అందుకుంది. కొస దారాన్ని వేలికి చుట్టుకుని, "ఇదీ," అంది. కాసేపు దాన్నే చూసి, తర్వాత మొదటి పట్టీని మళ్లీ ఎత్తింది. "మరి ఇది ఎవరల్లినారు?"

"నేనే."

"ఎవరు నేర్పించిరి?"

"ఇదే నేర్పిచ్చింది," అని ముత్తమ్మ ఆమె చేతిలోని పాత పట్టీని చూపించింది. "సూసి అల్లినా."

తిమ్మమ్మ ఒలిచిన కాయల చాట పక్కకు నెట్టి, అరుగు మీద మాకు చోటు చేసింది.

ముత్తమ్మ ఇక ఆగలేకపోయింది. "అక్కా, ఒగ మాట అడుగుతా. ఈ కొసన తెల్లపూసలు మూడుండాయి గదా. ఏమి అల్లల్లనుకుంటివి?"

తిమ్మమ్మ వంగి చూసింది. గుర్తు చేసుకుంటున్నట్టు పెదవి కొరికింది.

"తెల్లవా? ఎర్రవి అయిపోయినాయమ్మా. యాడికి అల్లినానో గుర్తుండల్ల గదా అని ఇవి ఏసి పెడ్తి. ఎర్రవి దొరికినాక తీసేద్దామని."

ముత్తమ్మ నన్ను చూసింది. నేను ముత్తమ్మను చూశాను. పువ్వూ పిట్టా శిలువా అన్నీ ఒక్కసారిగా పోయాయి. ముందు నవ్వింది ముత్తమ్మే. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఎందుకు నవ్వుతున్నామో చెప్పేసరికి తిమ్మమ్మ కూడా చాట పట్టుకుని ఊగిపోయింది. "శిలువంట!" అని తర్వాత కూడా రెండు మూడుసార్లు తనలో తాను అనుకుంది.

నవ్వు తగ్గాక తిమ్మమ్మ లోపలి నుంచి సూది, డబ్బాలో ఉన్న వేరే రంగు పూసలు తెచ్చి, చూపించడానికని ఆగిపోయిన చోటి నుంచి అల్లడం మొదలుపెట్టింది. ముత్తమ్మ ముందుకు వంగింది. ఒక పూస ఎక్కించి, కింది వరుసలో ఒక పూస వదిలి, పైకి లేచి ఉన్న తర్వాతి పూసలోంచి సూది దూర్చింది తిమ్మమ్మ. మళ్లీ ఒకటి ఎక్కించి, ఒకటి వదిలి, ఇంకొకదానిలోంచి. పళ్లూడిన చోట కొత్త పళ్లు మొలిచినట్టు, ప్రతి ఖాళీలోనూ ఒక పూస వచ్చి కూర్చుంటోంది.

"పూసలో నుంచే పోతావా?" అంది ముత్తమ్మ.

"మరి నువ్వు యాడ నుంచి పోతివి?"

ముత్తమ్మ సూది అందుకుని తన పట్టీ తీసుకుంది. పూస ఎక్కించి, కింది వరుసలో రెండు పూసల మధ్య కనిపించే దారం కింది నుంచి సూదిని పోనిచ్చి, తిరిగి అదే పూసలోంచి పైకి లాగింది. తిమ్మమ్మ ఆమె చేయి పట్టుకుని ఆపింది. "మళ్లా ఏయి." మళ్లీ వేసింది. "దారానికి తగిలిస్తాండావు నువ్వు!"

ఇద్దరూ రెండు పట్టీలను పక్కపక్కన పెట్టుకుని, ముందూ వెనకా తిప్పి చూశారు. ముఖాలు ఒకటే, లోపల దారులు వేరు. తిమ్మమ్మది పొడుగుకు పెరుగుతుంది, పూసలున్నంత వరకూ అల్లుకుంటూ పోవచ్చు. ముత్తమ్మది వెడల్పుకు పెరుగుతుంది, పొడవెంతో మొదట్లోనే తేల్చుకోవాలి. నేను ఊరికే చూస్తూ కూర్చున్నాను. వేరుశనక్కాయలు వాళ్లిద్దరూ ముట్టలేదు. తిమ్మమ్మ వద్దంటున్నా నేనే కాసిని ఒలిచాను.

"నీకు ఎవరు నేర్పిచ్చిరి అక్కా?" అని అడిగింది ముత్తమ్మ.

"సిరుగుప్ప కాడ నాట్లకు పోయింటిమి, పెండ్లి కాకముందు. పక్క గుడిసెలో ఒగామె ఉండె. యా ఊరో, యా భాషో. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. చేతులు సూసి నేర్చుకుంటి. పేరు గూడా సరిగా పలికేకి వచ్చేది కాదు నాకు. ఆమె ఎవరి కాడ నేర్చుకున్నదో ఏమో."

ఆ ఆడమనిషి ఎవరై ఉంటుందని ముత్తమ్మ బస్సులో తిరిగొస్తున్నప్పుడు నన్ను అడిగింది. నాకేం తెలుస్తుంది?

ఆ పట్టీ తిమ్మమ్మ కూతురు మల్లేశ్వరి కోసం. ఆ పిల్లను ఎమ్మిగనూరులో మగ్గాల ఇంటికి ఇచ్చారు. నెలలు నిండుతున్నాయి. పుట్టే బిడ్డకు పేరు పెట్టే రోజున మెడలో వేసుకోవాలని తల్లిని అడిగింది. అల్లిన పట్టీ పోయిందనుకుని తిమ్మమ్మ ఆశ వదులుకుంది. ఇప్పుడు మళ్లీ పట్టుకుంది. ఎర్రపూసలు నేను పంపించాను. రాత్రి దీపం కింద కళ్లు కనపడవని పగలే అల్లేది, పొలం పని లేనప్పుడు.

కొన్ని ఆదివారాలు ముత్తమ్మ ఆస్పరి పోయింది. ఒకసారి తిమ్మమ్మే మా షాపుకు వచ్చింది. ముత్తమ్మ అల్లికలో ఇద్దరికీ ఒక గుణం దొరికింది. ఏ వరుసకా వరుస ఒక పూస తగ్గించుకుంటూ పోతే, చివరికి ఒకే పూస మిగిలి, ముక్కోణం వచ్చి తీరుతుంది. తిమ్మమ్మ పట్టీ అంచున కనిపించే దారాన్ని ముత్తమ్మ సూది పట్టుకోగలదు. అలా మెడ చుట్టూ తిరిగే పట్టీ తిమ్మమ్మది, దాని కింద ముక్కోణాల వరస ముత్తమ్మది అయ్యాయి. అతుకు ఎక్కడో నేను వేలితో తడిమి చూశాను. తెలియలేదు.

పేరు పెట్టే రోజు నన్నూ ఎమ్మిగనూరుకు పిలిచారు. మల్లేశ్వరి పచ్చి బాలింత, పసుపు ముఖం, ఒళ్లో ఆడపిల్ల, మెడలో ఆ సరం. వచ్చినవాళ్లు బిడ్డను చూసి, వెంటనే సరం చూసేవాళ్లు. మల్లేశ్వరి మామ రాజశేఖర్ చిన్నప్పటి నుంచి మగ్గం మీద కూర్చున్న మనిషి. కళ్లద్దాలు సర్దుకుని, కోడలి చేత సరం తీయించి, గడపలో వెలుతురుకు పట్టుకుని చూశాడు.

"ఏమ్మా, దీంట్లో పడుగేది, పేకేది?"

తిమ్మమ్మ ముత్తమ్మ వైపు చూసింది. నేత గుడ్డలో పొడుగు దారాలుంటాయి, అడ్డం దారాలుంటాయి. ఇక్కడ ఉన్నది ఒక్కటే దారం. అదే పొడుగునా పోతుంది, అదే అడ్డంగా వస్తుంది.

"నాకూ తెల్దప్పా," అంది ముత్తమ్మ. "నీ మగ్గం సూపిస్తే సెప్తా."

ఆయన నిజంగానే లేచాడు. పాయసం చల్లారిపోతుందని లోపలి నుంచి ఎవరో అరుస్తున్నా, ఇద్దరూ మగ్గం గుంట దగ్గర నిలబడి చాలాసేపు ఏదో వాదించుకున్నారు. ఏం తేలిందని అడిగితే, "ఇంగొగసారి రావల్ల," అంది.

ముత్తమ్మ ఇప్పటికీ మిల్లుకు పోతుంది. దగ్గరి చూపు మందగిస్తే అద్దాలు పెట్టించుకుంది. మిల్లులో మధ్యాహ్నం తిండి అయ్యాక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఆమె పక్కన సూదులు పట్టుకుని కూర్చుంటున్నారట. తిమ్మమ్మ పత్తి తీయడానికి వెళ్తూనే ఉంది. ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటారు. ఎక్కువగా ఏది ఎక్కడ చిక్కుపడిందన్న సంగతే.

మొన్న ముత్తమ్మ వచ్చి నా దగ్గర పెన్సిలు అడిగింది. రాసుకోవడానికేమో అనుకుని ఇచ్చాను. దాని చుట్టూ పూసలను గొట్టంలాగా అల్లడం మొదలుపెట్టి, రెండో చుట్టు దగ్గర ఆగిపోయింది.

"శోభక్కా, పట్టీకైతే అంచు ఉంటాది. అంచు కాడికొస్తే వరస అయిపోయినట్ల. ఇది గుండ్రంగా తిరుగుతాంది. మొదటి వరస యాడ అయిపోతాది? రెండోది యాడ మొదలైతాది?"

నేనూ కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. వేలితో ఒక్కొక్క పూసా తాకుతూ చుట్టూ తిరిగొచ్చాను. మొదలుపెట్టిన చోటు తెలియలేదు.

"ఉండు, తిమ్మమ్మను అడుగుదాం," అని ఫోను తీశాను.

"వద్దు వద్దు," అని ముత్తమ్మ నా చేయి పట్టుకుంది. "రవంతసేపు ఆగు. ముందు మనం సూద్దాం."